కొండ మేస్త్రి కూర్చుంటేనే కుర్చీ

కుర్చీ చేయడం చాలామందికి వచ్చు. చేసిన కుర్చీలో ఒకసారి కూర్చుని, అది ఎన్నేళ్లు నిలుస్తుందో చెప్పడం మాత్రం కొండ మేస్త్రికే వచ్చు. ఆయన అసలు పేరు ఆసుపత్రి చీటీల మీద తప్ప ఎక్కడా కనబడదు. మనిషి నూట నలభై ఎనిమిది కిలోలు. కుర్చీలూ సోఫాలూ చేసే ఆ రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా ఆయనదే ఆఖరి మాట. వడ్రంగి చట్రం బిగిస్తాడు, దాని మీద పట్టీలు లాగి కొడతారు, స్పాంజి పరుస్తారు. గుడ్డ వేసి మూసేయబోయే ముందు మేస్త్రి వచ్చి కూర్చుంటాడు. వెనక్కి వాలతాడు. ఎడమ పిర్ర మీదికి ఒరుగుతాడు, కుడి పిర్ర మీదికి ఒరుగుతాడు, లేచి ఈసారి ధబాలున కూలబడతాడు. నచ్చితే కుర్చీని తలకిందులు చేసి, అడుగున కర్ర మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. ఆ గీత లేని కుర్చీ గడప దాటదు.

ఇంత దర్జాగా బతుకుతున్న మనిషి మీద మోకాళ్లు తిరగబడ్డాయి. వాటి వెనకే షుగరు వచ్చింది. పాదం మీది పుండు మూడు నెలలైనా మానకపోయేసరికి డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, బరువైనా తగ్గాలి, కాలైనా పోవాలి అని. పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటిపండంత గొట్టంగా కుట్టేస్తారట. బతికినన్నాళ్లూ దానితోనే సరిపెట్టుకోవాలట.

షెడ్డు యజమానురాలు తండ్రి తర్వాత ఆ పని చేతిలోకి తీసుకున్న మనిషి. మేస్త్రి కన్నా పదేళ్లు చిన్నది. సెలవు అడగడానికి వెళ్తే ఆవిడ నవ్వుతూనే అడిగింది.

“నువ్వు చిక్కిపోతే నా కుర్చీల గతేంటి మేస్త్రీ?”

“కూర్చోవడం ఒంటితో కాదమ్మా, తెలివితో. తెలివినేం కోయరుగా.”

షెడ్డంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. లోపల అదే భయం ఆయనకూ ఉంది. కుర్చీలో కూర్చోవడం తప్ప ఆయనకు వేరే విద్య రాదు. మేకు కొడితే వంకర పోతుంది, గుడ్డ కత్తిరిస్తే ఏటవాలు పోతుంది. ఆ గీత గీసే హక్కు పోతే ఆ షెడ్డులో ఆయన ఒక మూల పడున్న ముసలి మనిషి, అంతే.

ఆపరేషన్ గంటన్నర పట్టింది. కోలుకోవడం మాత్రం తల ప్రాణం తోకకు తెచ్చింది. పొట్టకు అయిదు చిల్లులు పెడితే, నొప్పి వెళ్లి కుడి భుజంలో కూర్చుంది. ఇదేం విడ్డూరమని అడిగితే, లోపల నింపిన గాలి అక్కడ చేరిందని నర్సు చెప్పింది. గాలికి కూడా తానంటే లోకువే అనుకున్నాడు మేస్త్రి. మొదటి రెండు వారాలూ నీళ్లూ, వడగట్టిన రసాలూ. అవి కూడా మందు కొలిచే బుల్లి మూతతో, గుక్క గుక్కకూ మధ్య ఊపిరి పీల్చుకుంటూ తాగాలి. చెంబెడు నీళ్లు ఎత్తిపట్టుకుని గటగటా తాగిన జన్మ. మూత చూస్తే ఏడుపొచ్చేది.

తర్వాత మెత్తగా మెదిపిన తిండి వచ్చింది, దానితోపాటు లెక్క కూడా వచ్చింది. ముద్దకు ముప్పైసార్లు నమలాలని ఆసుపత్రిలో పథ్యాలు చెప్పే అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం మేస్త్రి భార్య చేతిలో పడింది. ఇక చూడాలి. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆయన దవడనే చూస్తూ ఉండేది.

“పద్దెనిమిదే అయ్యాయండీ. అప్పుడే మింగకండి.”

“ఉడకబెట్టిన గుడ్డే నమలడానికి ముప్పై ఎందుకే? పదోసారికే నోట్లో నీళ్లయిపోయింది.”

“మాట్లాడితే లెక్క పోతుంది. మళ్లీ మొదట్నుంచి.”

ఒక్క ముద్ద ఎక్కువైతే ముక్కు కారేది, వరసగా మూడు తుమ్ములు వచ్చేవి. అది పొట్ట చేసే హెచ్చరిక. ఆ హెచ్చరిక వినకుండా ఇంకో ముద్ద పెట్టుకున్నాడో, గుండెల మీద బండ పెట్టినట్టు బిగుసుకుపోయి, నోటినిండా నురగ వచ్చేది. మింగలేక కక్కలేక అనే మాటకు అర్థం ఆయనకు యాభై ఒకటో ఏట తెలిసింది. వడ్రంగి కూతురి పుట్టినరోజుకు ఎవరో నోట్లో ఒక చెంచా కేకు పెట్టారు. పదిహేను నిమిషాల్లో ఒళ్లంతా చెమటలు, గుండె దడ, కాళ్లలో వణుకు. స్పాంజి కట్టల మీద గంటసేపు వెల్లకిలా పడుకున్నాడు. తనకోసమే పెట్టిన పక్కలా ఉందని చుట్టూ చేరినవాళ్లు అంటుంటే లేచి కొట్టే ఓపిక కూడా లేకపోయింది.

నాలుగో నెలలో జుట్టు దువ్వెనకు చుట్టుకుని రావడం మొదలైంది. అయిదో నెలలో చలి. అందరూ చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటుంటే ఆయన స్వెట్టరు వేసుకుని తిరిగేవాడు. పెళ్లినాటి ఉంగరం జారి జిగురు డబ్బాలో పడింది. పొట్ట మీది చర్మం ఖాళీ సంచిలా వేలాడింది. రోజుకు ఆరు విటమిన్ మాత్రలు, బతికినన్నాళ్లూ. ఇవన్నీ చాలనట్టు సలహాలు. మేస్త్రి బావమరిది మందుల షాపులో పనిచేస్తాడు, అంచేత తాను సగం డాక్టరునని అతని నమ్మకం. వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త పొడి డబ్బా పట్టుకొచ్చేవాడు. అన్నీ సుద్దపొడి కలిపిన పాలలాగే ఉండేవి.

“చక్కనమ్మ చిక్కినా అందమే అన్నారు బావా. చక్కనయ్య సంగతి ఎవరూ చెప్పలేదు.”

“నీ అక్కనడుగు, చెబుతుంది.”

“నేనేం చెప్పను,” అంది ఆవిడ. “ఇరవైతొమ్మిదిరా. ఆయన్ని మాట్లాడించకు.”

వీధిలో ఎదురైన ప్రతివాడికీ అదే ప్రశ్న. ఏమైంది, ఏదన్నా పెద్ద జబ్బా? లావుగా ఉన్నప్పుడు తగ్గమన్నవాళ్లే, తగ్గాక దాచకుండా చెప్పమని చెవి దగ్గరికి వచ్చేవాళ్లు. లోకులు పలుగాకులు. మంచి జరగలేదని కాదు. పుండు మానింది, షుగరు మాత్రలు మానేశాడు, మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాడు. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకు నోరు రాదు. సంతోషంగా ఉన్నావా అని ఎవరైనా అడిగితే ఎక్కడలేని చిరాకూ పుట్టుకొచ్చేది.

అన్నిటికన్నా పెద్ద చిరాకు కూర్చోవడం. పది నెలల్లో యాభై ఏడు కిలోలు పోయాయి. అందులో పిర్రల వాటా చాలానే ఉన్నట్టుంది. ఇప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నా రెండు ఎముకలు చెక్కలో గుచ్చుకుంటున్నాయి, వెన్ను చివర సలుపుతోంది. ఇరవై రెండేళ్లుగా తానే గీత గీసి పంపిన కుర్చీలు కూడా తనను పొడుస్తున్నాయి. ఇంట్లో దిండు, బస్సులో మడతపెట్టిన తువ్వాలు. షెడ్డులో మాత్రం నలుగురూ చూస్తారని పళ్లు బిగించి ఉత్త కుర్చీలోనే కూర్చునేవాడు. కూర్చుని ఏం తేలుతోందో ఆయనకే సరిగా తెలిసేది కాదు. నొప్పి తప్ప ఇంకేమీ వినబడేది కాదు. అయినా సుద్దముక్క ఎవరికీ ఇవ్వలేదు. గీతలు గీస్తూనే ఉన్నాడు.

అలాంటి సమయంలో ఆయనకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి నుంచే పని వచ్చింది. అక్కడ వరండాలో కుర్చీలన్నీ ఇరుకు, రెండు పక్కలా ఇనప చేతులు. బరువు తగ్గడానికి వచ్చేవాళ్ల కోసం పెట్టిన కుర్చీల్లో బరువైనవాళ్లు పట్టరు. ఆపరేషన్‌కు ముందు మేస్త్రి అక్కడ మూడు గంటలు నిలబడి, గోడ మీది కాగితాలు చదువుతున్నట్టు నటించాడు. ఆ సంగతి తర్వాత డాక్టరుతో కాస్త గట్టిగానే చెప్పాడు. దాంతో వెడల్పాటి కుర్చీలు పదహారు కావాలన్నారు. ముందు ఒకటి పంపండి, పది రోజులు వరండాలో వేసి చూసి మిగతావి తీసుకుంటామన్నారు.

ఈ పనిలో తనను మించినవాడు లేడని మేస్త్రి ఛాతీ పొంగింది. మోకాళ్ల నొప్పులవాళ్లు లేవడానికి వీలుగా ఎత్తు సరిగ్గా మూరెడు ఉండాలన్నాడు. చేతులు దూరంగా పెట్టించాడు. అంతా అయ్యాక కూర్చుని చూస్తే ఎముకలు గుచ్చుకున్నాయి. స్పాంజి రెండింతలు చేయించాడు. హాయిగా ఉంది. కానీ ఎత్తు మూర దాటిపోయింది, కాళ్లు కోస్తే చట్రం పొంకం చెడుతుంది. అందుకని స్పాంజి లోపలికి దిగేలా సీటు కింది అడ్డకర్రను రెండు వేళ్ల లోతు చెక్కమన్నాడు.

వడ్రంగి ఉలి పట్టుకుని ఆగాడు. “కర్ర సగానికి సగం పోతుంది మేస్త్రీ. బరువు ఆనేది దాని మీదే.”

“నేను కూర్చుంటాగా.”

చెక్కాక కూర్చున్నాడు. వాలాడు, ఒరిగాడు, కూలబడ్డాడు. కిర్రుమని కూడా అనలేదు. పది నెలల్లో మొదటిసారి ఒక కుర్చీ తనను పొడవలేదు. ఆ ఆనందంలో గీత గీశాడు. మిగతా పదిహేనింటి అడ్డకర్రలు కూడా అలాగే చెక్కమని చెప్పాడు.

పది నెలల పరీక్షకు ఆసుపత్రికి వెళ్లిన రోజు ఆ కుర్చీ వరండాలో కిటికీ పక్కన ఉంది. మేస్త్రి దాన్ని దూరం నుంచే చూసి మురిసిపోయాడు. కుర్చీలో ఎవరూ లేరు. ఒక హ్యాండ్‌బ్యాగు ఉంది. పక్కనే గోడకు ఆనుకుని ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి, మేస్త్రి పాత బరువుకు కాస్త అటూ ఇటూ. వేళ్లకు సుద్దపొడి. స్కూల్లో లెక్కలు చెప్పే టీచరని తర్వాత తెలిసింది. మనుషులకు చేసిన కుర్చీలో బ్యాగును కూర్చోబెట్టి మనిషి నిలబడడం చూస్తే మేస్త్రికి ఒళ్లు మండింది.

“ఆ బ్యాగు తీస్తారా? కూర్చోవాలి.”

“అందులో వద్దండీ. ఇంకోదాంట్లో కూర్చోండి.”

“ఏం, దీనికేమైంది?”

టీచరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “బాగాలేదు. నేనే పాడుచేశాను. ఇందాక కూర్చుంటే లోపల టక్కుమంది. ఎవరైనా తెలియక కూర్చుని పడతారని బ్యాగు పెట్టాను. లోపలున్నవాళ్లకు మీరు చెప్పకండి, నేనే చెబుతాను. కాస్త ధైర్యం తెచ్చుకుని చెబుతాను.”

మేస్త్రి అక్కడే మోకాళ్ల మీద కూలబడి సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు. అడ్డకర్ర మధ్యలో, సరిగ్గా చెక్కించిన చోట, వేలి గోరు దూరేంత చీలిక. వంగి చూస్తే దాని పక్కనే తన సుద్దగీత కనబడింది. ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చినట్టయింది. ఎప్పుడో ఒక విందులో తన కింద ప్లాస్టిక్ కుర్చీ విరిగితే, పడ్డవాడు తానై ఉండి, చుట్టూ ఉన్న ప్రతి మనిషికీ క్షమాపణ చెప్పుకుంటూ తిరిగాడు. ఈవిడకు ఆ గతి పట్టించింది తానే.

“అమ్మా, ఈ కుర్చీ చేయించింది నేను. పాస్ చేసింది నేను. తప్పు మీ బరువుది కాదు, నా బరువుది.”

ఆవిడ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. వదులు చొక్కా, పీక్కుపోయిన బుగ్గలు. “నన్ను ఓదార్చడానికి చెబుతున్నారు.”

“నాకు ఓదార్చడం రాదండీ. మా ఆవిణ్ని అడగండి,” విసుక్కున్నాడు మేస్త్రి. “ఏడాది కిందట నేను మీకన్నా లావు. అప్పుడైతే ఈ కర్ర నా కింద మొదటి రోజే విరిగేది, మా షెడ్డులోనే విరిగేది, మీదాకా వచ్చేది కాదు. ఇప్పుడు తొంభై ఒకటి ఉన్నాను. నా ఎముకలు గుచ్చుకున్నాయని స్పాంజి పెంచాను, స్పాంజి కోసం కర్ర చెక్కించాను. కూర్చుని బాగుందనుకున్నాను. నాకు బాగుంది. మీ సంగతే మర్చిపోయాను.”

లోపలినుంచి నర్సు బరువు చూడడానికి రమ్మని పిలిచింది. ఇప్పుడు కాదు అని మేస్త్రి కుర్చీని ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. పడిపోతారేమోనని నర్సు, బ్యాగు చేత్తో పట్టుకుని టీచరు, ఇద్దరూ గేటుదాకా వెంట వచ్చారు. గేటు దగ్గర ఆయన టీచరు ఫోన్ నంబరు అడిగి రాయించుకున్నాడు.

షెడ్డుకు వెళ్లి యజమానురాలి ముందు ఆ కుర్చీని తలకిందులు చేసి పెట్టాడు. ఏమీ దాచలేదు. వడ్రంగి చెప్పినా వినలేదని కూడా చెప్పాడు. ఆరు నెలలుగా నొప్పి తప్ప ఏమీ తెలియకుండానే గీతలు గీస్తున్నానని మాత్రం కుర్చీ వైపు చూస్తూ చెప్పాడు.

“మరి ఆరు నెలల్నించీ వెళ్లిన కుర్చీలు?” అంది ఆవిడ.

“పాత కొలతలవేనమ్మా, పాత కర్రే. ఇదొక్కటే నా సొంత తెలివి.”

ఆవిడ వంగి చీలికలో గోరు దూర్చి చూసింది. అరిస్తే బాగుండుననిపించింది మేస్త్రికి. చివరికి వడ్రంగిని పిలిచి, పదహారు అడ్డకర్రలూ ఊడదీసి కొత్తవి వేయమంది, అవి మొదట అనుకున్నదానికన్నా లావుగానే వేయమంది. మేస్త్రి వైపు తిరిగి, “సరే, అవి వేశాక ఎవరు కూర్చుంటారు?” అని అడిగింది.

బావమరిది ఇసుక బస్తాలు పెట్టమన్నాడు. మూడు బస్తాలు పేర్చి చూశారు కూడా. కర్ర ఆగింది. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి తల అడ్డంగా ఊపాడు. బస్తా పక్కకు ఒరగదు, చేతుల మీద బరువు మోపి లేవదు, ఫోన్ మోగితే ఉలిక్కిపడదు. కుర్చీ చచ్చేది అక్కడే. మర్నాడు టీచరుకు ఫోన్ చేశాడు.

“నన్ను కుర్చీ విరగ్గొట్టడానికి పిలుస్తున్నారా?” అంది ఆవిడ.

“అవునండీ. విరిగితే నాకు పని, విరక్కపోతే మీకు టీ.”

ఆదివారం పొద్దున వస్తానంది.

ఆవిడ వచ్చేసరికి షెడ్డులో మేస్త్రి, వడ్రంగి, యజమానురాలు, ముగ్గురే ఉన్నారు. మిగతావాళ్లను రావద్దని మేస్త్రే చెప్పాడు. కొత్త కర్ర వేసిన కుర్చీకి ఇంకా గుడ్డ వేయలేదు. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని సీటు కిందికి తల దూర్చి, అడ్డకర్ర మీద అరచెయ్యి ఆనించాడు. నేల ఆయన వెన్నెముకను పొడుస్తోంది. తిట్టుకుంటూనే కూర్చోమన్నాడు.

ఆవిడ కూర్చుంది. మేస్త్రి చేతికి ఏమీ తెలియలేదు. ఇంత బరువుకు కర్ర ఎంత మంచిదైనా నూలుపోగంత వంగాలి. ఇది వంగలేదు.

“పూర్తిగా కూర్చోలేదు మీరు,” అన్నాడు కిందినుంచి.

“కూర్చున్నానే.”

“లేదండీ. తొడల మీద సగం బరువు ఆపుకున్నారు. మడమలు నేలకు తన్నిపట్టి ఉన్నాయి, నాకు కనబడుతున్నాయి.”

అలా తన్నిపట్టిన మడమలు మేస్త్రికి కొత్త కాదు. చుట్టాల ఇళ్లలో, బస్సుల్లో, విందుల్లో తానూ అలాగే కూర్చునేవాడు. ముప్పై ఏళ్లు సగం బరువు తన దగ్గరే ఉంచుకుని తక్కిన సగాన్నే కుర్చీకి ఇచ్చాడు. ఈ షెడ్డులో మాత్రమే మొత్తం వదిలేసేవాడు, విరిగినా ఎవరూ నవ్వరు కాబట్టి, విరగడమే పని కాబట్టి. ఆ పని అంటే ఎందుకంత ప్రాణమో ఆయనకు ఇప్పుడే తెలిసింది. తిట్టుకుని తిట్టుకుని వదిలించుకున్న ఒంటి మీద ఒక్క క్షణం బెంగ కలిగింది, పైన కూర్చున్న మనిషి మీద కొంచెం అసూయ కూడా కలిగింది.

“విరిగితే నా మొహం మీద పడతారు,” అన్నాడు. “మీకు దెబ్బ తగలదు. వదిలేయండి.”

“నవ్వించకండి.”

“నేను నవ్వించడం లేదు. నా కింద నేల గట్టిగా ఉంది, నడుం పోతోంది. త్వరగా వదిలేయండి.”

ముందు ఒక మడమ లేచింది. తర్వాత రెండోది. అడ్డకర్ర ఆయన అరచేతిలోకి నూలుపోగంత దిగి, అక్కడే ఆగింది. కొత్త పట్టీలు ఒకసారి మూలిగి సర్దుకున్నాయి.

“చప్పుడొచ్చింది,” అంది ఆవిడ, లేవబోతూ.

“రావాలి. కూర్చోండి.”

ఆవిడ కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. వచ్చే నెల ఆపరేషన్ అని, అందరూ భయపెడుతున్నారని, తర్వాత ఎలా ఉంటుందని అడిగింది. మేస్త్రి కిందినుంచే మూత నీళ్లూ, ముప్పై నమలడాలూ, తుమ్ములూ, జుట్టూ అన్నీ విసుక్కుంటూ చెప్పాడు. కాలు మిగిలిందని కూడా చెప్పాడు. ఆ మాట బయటికి అనడం ఆయనకదే మొదలు. ఆవిడ వింటూ వెనక్కి వాలింది.

“ఎంతసేపు కూర్చోవాలి?”

“మీకు లేవాలనిపించేదాకా.”

యజమానురాలు టీ తెప్పించింది. టీచరు తాగి గ్లాసు కింద పెట్టింది కానీ లేవలేదు. వడ్రంగి ఇంటికి వెళ్లి భోజనం చేసి వచ్చేసరికి కూడా ఆవిడ ఆ కుర్చీలోనే ఉంది.